ఇంజిన్ ఆయిల్లో మరో సీసా అవసరమా?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించి, డి.ఎ. బకాయిల గురించి పెద్దలు ఇంతసేపు వివరంగా మాట్లాడారు. నాకు అప్పగించిన విషయం చిన్నది. నేను బస్సు డిపో గ్యారేజీలో 32 ఏళ్ళు పనిచేసి రిటైరైన మెకానిక్‌ని. మోటారు సైకిలు ఇంజిన్ ఆయిల్లో కలపమని బజార్లో అమ్ముతున్న అడిటివ్ సీసాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. హాలు బయట నిలిపిన బండ్లలో సగానికి పైగా మోటారు సైకిళ్ళే కనుక ఇది మనందరి విషయం.

చెప్పదలచినది ముందే చెప్పేస్తాను. మోటారు సైకిలు ఆయిల్లో పైనుంచి ఏదీ కలపవద్దు. ఎందుకో మనవి చేస్తాను.

మన బస్సుల్లో ఇంజిన్ ఆయిలు ఇంజిన్‌కే పరిమితం. గేరుబాక్సుకు వేరే ఆయిలు, క్లచ్‌కు అసలు ఆయిలు తగలకూడదు. గేర్లు మార్చే కార్లలోనూ సాధారణంగా ఇంతే. ఇప్పటి నాలుగు స్ట్రోకుల మోటారు సైకిళ్ళలో మాత్రం దాదాపు అన్నిటా ఒక్క ఆయిలే మూడు పనులు చేస్తుంది. పిస్టను, బేరింగులు అరగకుండా చూడాలి. గేరు పళ్ళ ఒత్తిడి తట్టుకోవాలి. క్లచ్ ప్లేట్లు తనలోనే తడుస్తున్నా, అవి జారకుండా ఒకదాన్నొకటి పట్టుకోనివ్వాలి. అంటే ఒకచోట జారాలి, ఇంకోచోట పట్టాలి. సీసా మీదేమో ‘రాపిడి తగ్గిస్తుంది’ అని ఉంటుంది. క్లచ్ బతికేదే రాపిడి మీద!

ఈ చిక్కు జపాన్ వారికి ముందే తెలిసింది. పెట్రోలు ఆదా కోసం కార్ల ఆయిల్లో రాపిడి తగ్గించే పదార్థాలు కలపడం మొదలయ్యాక, అవే ఆయిళ్ళు పోసిన మోటారు సైకిళ్ళలో క్లచ్‌లు జారసాగాయి. అందుకని 1998లో అక్కడి జాసో సంస్థ నాలుగు స్ట్రోకుల ద్విచక్ర వాహనాల ఆయిలుకు ప్రత్యేక ప్రమాణం తెచ్చింది. డబ్బా మీద ‘జాసో ఎం.ఎ.’ లేదా ‘ఎం.ఎ.2’ అని ఉంటే అది తడి క్లచ్‌కు తగిన ఆయిలు. ‘ఎం.బి.’ అంటే రాపిడి తక్కువ రకం, అది ముఖ్యంగా గేర్లు లేని స్కూటర్లకు. ఆ పరీక్ష నెగ్గింది డబ్బాలో ఉన్న ఆయిలు. మనం సీసా కలిపిన మిశ్రమం కాదు.

అడిటివ్‌లన్నీ మోసమని నేననను. మంచి ఆయిల్లో అవి ఎలాగూ ఉంటాయి. మసిని కడిగేవి, మసిని తేలించి ఉంచేవి, అరుగుదల ఆపే జింకు సమ్మేళనాలు, నురుగు రాకుండా చేసేవి. తయారు చేసినవారు వీటిని తూకంగా కలిపి పరీక్షించే అమ్ముతారు. ఉప్పు సరిపోయిన పప్పులో మళ్ళీ గుప్పెడు ఉప్పు ఎవరైనా వేస్తారా?

ఎగ్జిబిషన్లలో చిన్న యంత్రం పెట్టి, తిరిగే చక్రానికి బేరింగును అదిమి, మామూలు ఆయిలుతో పట్టేసినది తమ సీసాలోది వేయగానే తిరుగుతోందని చూపిస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కాని ఇంజిన్ లోపల పరిస్థితి అది కాదు. క్లోరిన్ సమ్మేళనాలున్న ద్రవాలు ఆ యంత్రం మీద బాగా నెగ్గుతాయి. అవే ఇంజిన్లో తేమతో చేరితే లోహాన్ని తినేయగలవు. అమెరికాలో స్లిక్ 50 అనే అడిటివ్ ప్రకటనలకు తగిన ఆధారాలు లేవని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. 1997లో రాజీ ఒప్పందంతో అలాంటి ప్రకటనలను ఆపించింది.

నాతో పనిచేసిన ఒక కండక్టరు మిత్రుడి అనుభవం చెబుతాను. ఆయిలు మార్చిన చోట ‘బండి కొత్తదానిలా అవుతుంది’ అంటూ సీసా పోశారు. నెల తిరక్కుండా, చెల్లెమ్మను వెనక కూర్చోబెట్టుకుని సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజిన్ మోత పెరిగింది గాని బండి ముందుకు సాగలేదు. వెనకే బస్సు. డ్రైవరు జాగ్రత్తపరుడు కనుక సరిపోయింది. తర్వాత నేను విప్పి చూశాను. క్లచ్ కేబులు సరిగానే ఉంది, స్ప్రింగులు బాగున్నాయి. ప్లేట్లలో ఇంకా మందం ఉంది, కాని అద్దంలా నున్నబడి కాలిన వాసన వేస్తున్నాయి. ప్లేట్లకూ కూలికీ అయిన ఖర్చు సీసా ధరకు ఎన్నో రెట్లు.

మీలో ఎవరైనా ఇప్పటికే పోయించుకుని ఉంటే కంగారు పడవద్దు. ఎత్తు ఎక్కేటప్పుడు మోత పెరిగి వేగం పెరగకపోతే, అది క్లచ్ జారుతున్న గుర్తు. వెంటనే ఆ ఆయిలు తీయించి సరైనది పోయించండి. ఇంకా జారితే ప్లేట్లు చూపించండి.

పొగ వచ్చే పాత బండికి చిక్కటి సీసా పోస్తే కొన్నాళ్ళు పొగ తగ్గవచ్చు. అరిగిన రింగులు మాత్రం బాగుపడవు. పాత బండి కొనేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక మనం చేయవలసినది. బండితో ఇచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడే వాడండి. నెలకు రెండుసార్లయినా మట్టం చూసుకోండి. ఇంజిన్ కాసేపు నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలాగి, బండి నిటారుగా ఉండగా చూడాలి. ముఖ్యంగా, మనం రైతుబజారుకూ గుడికీ తప్ప దూరం వెళ్ళం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక తేమ ఆయిల్లోనే నిలుస్తుంది. కాబట్టి కిలోమీటర్లు తిరగలేదని ఊరుకోకుండా, పుస్తకంలో చెప్పిన గడువుకు ఆయిలు మార్పించండి. తీసిన ఆయిలు కాలవలో పోయనివ్వకండి.

సీసాకు పెట్టే డబ్బు దాచి, ఆ ఆయిలు మార్పుకు వాడండి. బండీ బాగుంటుంది, వెనక కూర్చున్నవారూ క్షేమంగా ఉంటారు.