పాత ఆర్‌ఎక్స్ 100, కొత్త హంటర్

బైకు ప్రియులు నలుగురు చేరితే ఒక వాదన తప్పదు: కొత్త బండి కొనడం మేలా, పాతదాన్ని నచ్చినట్టు తీర్చిదిద్దుకోవడం మేలా?

యమహా ఆర్‌ఎక్స్ 100నే తీసుకుందాం. 1985లో మన దేశానికొచ్చింది, 1996లో తయారీ ఆగిపోయింది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, 11 హార్స్‌పవర్, బరువు సుమారు 100 కిలోలు. 2022లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350ది 20 హార్స్‌పవర్. కానీ బరువు 181 కిలోలు. లెక్కేస్తే కిలోకు దక్కే శక్తి రెండింటికీ దాదాపు సమానం! ఆ చిన్న బండి అంత చురుగ్గా దూకేది అందుకే.

ఆర్‌ఎక్స్ 100ను మార్పించేవాళ్లు ముందుగా చెయ్యి వేసేది సైలెన్సర్ మీద. టూ స్ట్రోక్ బండిలో అది పొగ వదిలే గొట్టం మాత్రమే కాదు. మధ్యలో ఉబ్బి చివర సన్నబడే చోట పీడన తరంగం వెనక్కి మళ్లుతుంది. కాలకుండా బయటికి జారిన పెట్రోలు మిశ్రమాన్ని తిరిగి సిలిండర్లోకి నెడుతుంది. ఆ గొట్టం కొలత తప్పితే మోత పెరుగుతుంది, శక్తి తగ్గుతుంది. చప్పుడు కోసం సైలెన్సర్ కోయించడం నా దృష్టిలో బండికి చేసే అన్యాయమే.

బ్రేకుల దగ్గర మాత్రం వాదనే లేదు. పాతదానికి ముందూ వెనకా డ్రమ్ములే. కొత్తదానికి ముందు డిస్కు, ఏబీఎస్.

ఇంకో మాట. కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు రవాణా కార్యాలయంలో ఒకసారి కనుక్కోండి.