గెలీలియోని ఝాడీపట్టీకి తీసుకొద్దాం

చంద్రపూర్ నుంచి మాట్లాడుతున్నాను. బల్లార్షా మీదుగా ఢిల్లీ రైలెక్కినవాళ్ళకి మా బొగ్గు, థర్మల్ పొగగొట్టాలు తెలుసు. నాటకాల సంగతి తెలియకపోవచ్చు. వరికోతలయ్యాక మా ప్రాంతంలో, అంటే ఝాడీపట్టీలో, నాటకాల కాలం. పగలు శంకరపట్, అంటే ఎడ్లపందేలు. రాత్రి పొద్దుపోయి తెర లేస్తే తెల్లారేదాకా పాటలే.

ఆ తెర మీదికి నేను తేవాలనుకుంటున్నది జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రాసిన గెలీలియో నాటకం. 1938లో డెన్మార్కులో తలదాచుకుంటూ రాశాడు. మొదటి ప్రతిలో గెలీలియో చర్చికి లొంగినట్టు కనిపించి చాటుగా పుస్తకం పూర్తిచేసిన గడుసువాడు. హిరోషిమా మీద బాంబు పడ్డాక బ్రెహ్ట్ మనసు మారింది. 1947లో లాస్ ఏంజెలెస్‌లో ఆడిన ప్రతిలో గెలీలియో తన్ను తానే తిట్టుకునే ముసలివాడు. నాకు రెండోవాడే నిజంగా కనిపిస్తాడు.

మొదటి రంగం చూడండి. గది మధ్య ఇనుప స్టాండు మీద ముఖం కడుక్కునే పళ్ళెం. అదే సూర్యుడు. ఇల్లు చూసుకునే ఆవిడ కొడుకు ఆండ్రియాని గెలీలియో కుర్చీతో సహా ఎత్తి ఇటు తిప్పి దించుతాడు. ఎడమనున్న సూర్యుడు కుడికొచ్చాడు. మరి కదిలిందెవరు? నేనేనంటాడు పిల్లాడు. కాదు, కుర్చీ అంటాడు గురువు. 1543లో కోపర్నికస్ అచ్చువేసిన పుస్తకం అంతా ఆ కుర్చీలో ఉంది!

1633 జూన్ 22 నాటి లొంగుబాటుని మాత్రం బ్రెహ్ట్ రంగం మీద చూపించడు. శిష్యులు తోటలో ఆ కబురు చెప్పే గంట మోగుతుందేమోనని చెవులు రిక్కిస్తారు, అంతే. మా ఝాడీపట్టీ రచయితకిస్తే అక్కడ రెండు పాటలు, ఒక ఉరుము ఖాయం.

అసలు మాకు పనికొచ్చేది సంత రంగం. వీధి గాయకుడు గెలీలియో మాటల్ని పాటకడితే, జనం దాన్ని దొర చుట్టూ పాలేరు ఎందుకు తిరగాలన్న ప్రశ్నగా అందుకుంటారు. గెలీలియో కూడా జనానికి అందేలా 1632 నాటి పుస్తకాన్ని లాటిన్‌లో కాక ఇటాలియన్‌లో రాశాడు. 1638లో లైడెన్‌లో అచ్చయిన చివరి పుస్తకమైతే వెనిస్ ఓడల కార్ఖానా ప్రస్తావనతోనే మొదలవుతుంది. విజ్ఞానం పనివాళ్ళ దగ్గర కూడా పుట్టిందని గని కార్మికులకి వేరే చెప్పాలా?

రాజురా, సిరొంచ వైపు ఇళ్ళలో తెలుగు ఇప్పటికీ వినిపిస్తుంది. మీలో జర్మన్ వచ్చినవాళ్ళుంటే ఆ సంత రంగం ఒక్కటి బుర్రకథ బాణీలో తెలుగు చేసి పంపండి. పాడేవాళ్ళని ఇక్కడ నేను చూసుకుంటాను.