మగ్గం ఇంటి బిడ్డలు, కంప్యూటరు పరీక్ష
(వైట్‌ఫీల్డ్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము ఎనిమిదో తరగతితో ఆగినవాళ్ళం. చేనేత సహకార సంఘంలో నూలు లెక్కలు, చీరల లెక్కలు రాసుకుంటూ ఇంతవరకు వచ్చాం. వీళ్ళకు కంప్యూటరు సంగతులెందుకు అనుకోవద్దు. ఈ మధ్య అప్పు కోసం మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది, బిడ్డకు బెంగళూరులో కోర్సు ఫీజు కట్టాలనే వస్తున్నారు. అందుకని ఆ కోర్సేందో, ఆ పరీక్షేందో పిల్లలను కూర్చోబెట్టుకుని అడిగి తెలుసుకున్నాం. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ఈ వైట్‌ఫీల్డు 1880లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు సేద్యం చేసుకుందామని కట్టుకున్న ఊరు. 1990లలో ఐటీపీఎల్ వచ్చింది, 2023లో మెట్రో వచ్చింది. ఇన్ని ఆఫీసులున్నచోట సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళే కాదు, చెడిపోయిన కంప్యూటరును బాగుచేసేవాళ్ళు, నెట్టు రాకపోతే చూసేవాళ్ళు కూడా కావాలి. ఆ పనికి మొదటి మెట్టుగా కాంప్‌టియా అనే అమెరికా సంస్థ ఏ ప్లస్ అనే పరీక్ష పెడుతోంది. ఫలానా డిగ్రీ ఉంటేనే రాయాలనే నిబంధన లేదు.

పేపర్లు రెండు. ఒక్కోదానికి 90 నిమిషాలు, ప్రశ్నలు 90కి మించవు. మార్కులు 100 నుంచి 900 వరకు వేస్తారు. మొదటిదానిలో 675, రెండోదానిలో 700 వస్తే పాసు. మొదటి పేపరులో విడిభాగాలు, ల్యాప్‌టాపులు, ఫోన్లు, నెట్‌వర్కు, ప్రింటర్లు ఉంటాయి. రెండోదానిలో విండోస్ లాంటివి, సెక్యూరిటీ, సాఫ్ట్‌వేరు తిప్పలు, ఆఫీసులో నడుచుకోవాల్సిన పద్ధతులు. రెండూ పాసైతేనే సర్టిఫికెట్టు. అది మూడేళ్ళు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. 2025 మార్చిలో సిలబస్ మారింది. పాత పుస్తకం కొనేటప్పుడు 220-1201, 220-1202 అనే నంబర్లు ఉన్నాయా అని చూసుకోండి.

ఈ పరీక్షలో ముఖ్యంగా చూసేది, తప్పు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి. అది మన ఇంట్లో ఉన్నదే. నేసే చీరలో గీత పడిందనుకోండి. నేతగాడు పడుగంతా విప్పేస్తాడా? గీత ఎక్కడ మొదలైందో చూస్తాడు. పోగు తెగిందా, అచ్చులో తప్పు దూరిందా, జాకార్డు అట్ట చినిగిందా అని అనుకుంటాడు. అది నిజమో కాదో చూసుకుంటాడు. ఏం చెయ్యాలో ఎంచుకుని సరిచేస్తాడు. నాలుగంగుళాలు నేసి మళ్ళీ చూస్తాడు. వాళ్ళ పుస్తకంలో రాసిన ఆరు మెట్లలో ఐదు ఇవే. ఆరోది, ఏం చేశామో రాసిపెట్టడం. మన సంఘం రిజిస్టరులో రాసినట్టన్నమాట.

పిల్లలు మాకు ఒక ఉదాహరణ చెప్పారు. ఒకాయన నెట్టు రావట్లేదన్నాడు. కంప్యూటరు అడ్రసు చూస్తే 169.254తో మొదలైంది. అంటే రూటరు నుంచి అడ్రసు అందక, కంప్యూటరు తనంతట తానే ఒకటి పెట్టుకుంది. ఇక వైరు చూడాలి, రూటరు చూడాలి. అంతేగాని విండోస్ అంతా చెరిపేసి మళ్ళీ ఎక్కించే పని లేదు. పడుగంతా విప్పకుండా పోగు అతకడం లాంటిదే ఇది.

ఇప్పుడు డబ్బు మాట. మా ఎరుకలో ఒక కుటుంబం ఉన్న రెండు మగ్గాల్లో ఒకటి అమ్మి ఫీజు కట్టింది. ఉద్యోగం గ్యారంటీ అన్నారు, అనుభవం కాగితాలు కూడా మేమే ఇస్తామన్నారు. ఆరు నెలలకు అక్కడ బోర్డు లేదు. ఆ మగ్గం మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. దొంగ అనుభవం కాగితాలు కంపెనీవాళ్ళు విచారించినప్పుడు బయటపడతాయి. డంపులని దొంగచాటుగా అమ్మే ప్రశ్నలు బట్టీపట్టి పాసైనా, తెలిస్తే సర్టిఫికెట్టు రద్దు చేస్తారు. పైగా పరీక్షలో కొన్ని ప్రశ్నలు తెరమీద చేసి చూపించాల్సినవి. బట్టీ అక్కడ పనికిరాదు.

చదవడానికి లక్షలు అక్కర్లేదు. సిలబస్ కాంప్‌టియావాళ్ళే ఉచితంగా ఇస్తారు. ప్రొఫెసర్ మెస్సర్ అనే ఆయన పాఠాలు యూట్యూబులో ఉచితం. మా సంఘం ఆఫీసులో మూలన పడున్న పాత కంప్యూటరును పిల్లలకు ఇచ్చాం. పది సార్లు విప్పారు, పది సార్లు బిగించారు. చెయ్యి తిరగాలంటే అదే దారి. పరీక్ష ఫీజు మాత్రం పేపరుకొకటి కట్టాలి, తప్పితే మళ్ళీ కట్టాలి. కాబట్టి నమూనా పరీక్షల్లో నిలకడగా మార్కులు వచ్చాకే తేదీ తీసుకోండి. పరీక్ష తెలుగులో లేదు. రోజూ ఒక పేజీ ఇంగ్లీషు పైకి చదవండి. ఇక్కడ ఉంటున్నారు కాబట్టి నాలుగు ముక్కలు కన్నడం కూడా నేర్చుకోండి.

సర్టిఫికెట్టు వస్తేనే ఉద్యోగం వచ్చేసినట్టు కాదు. ఇంటర్వ్యూకు పిలిచినప్పుడు చూపించుకోవడానికి అదొక ఆధారం. మొదట్లో జీతం తక్కువ ఉండొచ్చు, రాత్రి డ్యూటీ పడొచ్చు. ఇది తల్లిదండ్రులకు ముందే తెలియాలి.

చివరగా మూడు మనవులు. తల్లిదండ్రులారా, మగ్గం అమ్మి ఫీజు కట్టొద్దు. డబ్బు కట్టేముందు, అక్కడ చదివి ఉద్యోగం చేస్తున్న ఇద్దరితో మీరే మాట్లాడండి. ఇక్కడ ఉద్యోగాల్లో ఉన్న అన్నలారా, అక్కలారా, ఆదివారం రెండు గంటలు ఈ పిల్లలకివ్వండి. సమాఖ్య పెద్దలు ఊరికొక పాత కంప్యూటరు ఇప్పించండి. ఆడపిల్లలను కూడా దాని ముందు కూర్చోబెట్టండి. పోగు అతకడంలో వాళ్ళ చెయ్యి ఎవరికీ తీసిపోదు.

సెలవు. జై చేనేత.