గుండెకు రక్తమందుచున్నదా?

(కాగజ్‌నగర్ మండల పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



గుండెజబ్బు పట్నవాసులదని ఒకప్పుడు మనమందరము అనుకొంటిమి. నేడది పల్లె గడప తొక్కినది. మధుమేహము, రక్తపుపోటు, పొగాకు ఉన్నచోట దానికి దారి సులభము. ఛాతీనొప్పితో పట్నము పోయిన మనిషికి డాక్టరుగారు ‘థాలియం పరీక్ష’ అనియో, ‘పెట్ స్కాన్’ అనియో ఒక చీటి వ్రాసి యిత్తురు. ఆ చీటి పట్టుకొని ఇంటివారు సలహాకు వచ్చునది మీ వద్దకే. ‘అణు’ వను మాట విని భయపడి పరీక్ష మానుకొనువారు కొందరు. ఖరీదైనదే మేలైనదని తలచి ఎడ్లనమ్మ సిద్ధపడువారు మరికొందరు. ఈ రెండును తగవు. అందుచేతనే ఈ పరీక్షల భేదమును మీకు విన్నవింప వచ్చితిమి.

గుండె క్షణమైనను విశ్రమింపని కండరము. దానికి రక్తమందించు ముఖ్యనాళములు మూడు. వీనిని మూడు పంటకాలువలుగ భావింపుడు. కాలువలో పూడిక చేరినట్లు ఈ నాళముల గోడలలో కొవ్వు పేరుకొనును. నీటి అవసరము తక్కువగ నున్నప్పుడు పూడిక సంగతి తెలియదు. ఎండలు ముదిరినప్పుడే చివరి మడి ఎండును. గుండెయు నంతే. కూర్చున్నప్పుడు బాధ లేని మనిషికి మూట మోయునప్పుడు ఛాతీ బిగియును.

యాంజియోగ్రామ్ అను పరీక్ష కాలువను చూపును. అణుపరీక్ష మడిని చూపును. అనగా నాళము ఎంత మూసుకొన్నదని కాక, కండరమునకు రక్తము చేరుచున్నదా లేదా యని తెలుపును.

రేడియోధార్మిక ద్రవ్యమును మిక్కిలి కొలదిగ చేతినరములో ఎక్కింతురు. అది రక్తముతో గుండెకు పోయి, రక్తము బాగుగ అందినచోట ఎక్కువగను, అందనిచోట తక్కువగను చేరును. దాని కిరణములను వెలుపలి కెమెరా గ్రహించి చిత్రము గీయును. విశ్రాంతిలో ఒక చిత్రము, గుండెకు శ్రమ కలిగించి మరొక చిత్రము తీయుదురు. శ్రమకై ట్రెడ్‌మిల్ యంత్రముపై నడిపింతురు. నడువలేనివారికి మందు ఇత్తురు. రెండు చిత్రములలోను వెలితి యున్నచో, అచటి కండరము మునుపే దెబ్బతిన్నదని సాధారణముగ భావింతురు. శ్రమలో మాత్రమే వెలితి యున్నచో, కండరము బ్రతికియున్నది గాని కాలువ చాలుట లేదని అర్థము.

ఇట్టి ద్రవ్యములను జాడగ వాడు విద్యకు జార్జి హెవెసీ అను శాస్త్రజ్ఞునకు 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించినది. గుండె చిత్రములకు థాలియమును 1970వ దశకమున వాడసాగిరి. ఆ పేరు నేటికిని నిలిచినది గాని, చాలచోట్ల ఇప్పుడు వాడునది టెక్నీషియము.

ఈ పరీక్షలలో రెండు విధములు గలవు.

మొదటిది స్పెక్ట్. జనులు థాలియం పరీక్ష యనునది సాధారణముగ ఇదియే. టెక్నీషియము 6 గంటలకొకసారి సగమగును. ఆసుపత్రిలోనే చిన్న యంత్రమునుండి దానిని తీయవచ్చును గనుక ఈ పరీక్ష ఎక్కువచోట్ల లభించును, ఖర్చును తక్కువ. లోపములు రెండు. స్థూలకాయులలోను, స్త్రీలలోను శరీరభాగములు అడ్డువచ్చి, లేని వెలితి ఉన్నట్లు కనబడవచ్చును. మరియు ఇది ఒక మడిని మరియొక మడితో పోల్చి చూచును. మూడు కాలువలును సమముగ పూడినచో మడులన్నియు ఒక్కతీరుగ నుండును గనుక జబ్బు దాగిపోవచ్చును.

రెండవది పెట్. ఇందు రుబీడియము గాని, నత్రజనితో చేసిన అమోనియా గాని వాడుదురు. చిత్రము మరింత స్పష్టము. నిమిషమునకు ఎంత రక్తము చేరుచున్నదో కొలిచి చెప్పును గనుక మూడు నాళముల జబ్బు దాగుట అరుదు. కాని రుబీడియము 75 సెకండ్లలోను, ఆ అమోనియా 10 నిమిషములలోను సగమగును. అమోనియాను తయారుచేయు సైక్లోట్రాన్ యంత్రము చెంతనే యుండవలెను. రుబీడియపు యంత్రము వెల మిక్కుటము. కావున ఇది కొలది నగరములలోనే జరుగును. గుండెపోటు వచ్చినవారిలో దెబ్బతిన్న కండరము ఇంకను సజీవమా యని తెలిసికొనుటకు చక్కెరవంటి ద్రవ్యముతో మరొక పెట్ పరీక్ష గలదు. బైపాసు ఆపరేషను వలన ప్రయోజనముండునా యని యోచించుటకు అది తోడ్పడును.

కిరణముల భయము సంగతి. భూమినుండి, ఆకాశమునుండి మనిషికి ఏటేట సగటున 2.4 మిల్లీసీవర్టులు సహజముగనే చేరుచున్నవి. టెక్నీషియముతో రెండు చిత్రములకు సుమారు 10, పైని చెప్పిన రక్తప్రసరణ పెట్ పరీక్షకు 2 నుండి 4 వరకు చేరును. థాలియముతో ఇంకను ఎక్కువ. అవసరమైనప్పుడు భయపడవలసినది కాదు. అవసరము లేక చేయించుకొనదగినదియు కాదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు ముందే తెలుపవలెను.

ఏది మేలని మీరడుగుదురు. అనేకులకు స్పెక్ట్ చాలును. అది బాగుగ వచ్చినవారిలో ఏడాదిలోపల గుండెపోటు గాని, మరణము గాని సంభవించుట సాధారణముగ నూటికి ఒకరికన్న తక్కువ. స్థూలకాయులకు, మొదటి చిత్రము తేలనివారికి, మూడు నాళములపై అనుమానమున్నవారికి పెట్ మేలు. ఏ ప్రశ్నకు జవాబు కావలెనో డాక్టరుగారు తేల్చిన పిమ్మటనే పరీక్ష నెంచుకొనవలెను.

అన్నిటికన్న ముఖ్యమైన మాట ఇది. ఛాతీలో నొప్పి ఇప్పుడే వచ్చి తగ్గకున్నను, చెమటలు పట్టినను, నొప్పి చేతికి, దవడకు ప్రాకినను ఈ పరీక్షలేవియు ఆ ఘడియకు పనికిరావు. గ్యాస్ అని సరిపుచ్చుకొనక వెంటనే 108కి ఫోను చేసి, ఈసీజీ తీయు సమీపపు ఆసుపత్రికి చేర్పవలెను. అణుపరీక్ష నిలకడగ నున్న రోగికే.

ఇక పంచాయతీ చేయదగిన పనులు నాలుగు.

ఈసీజీ రాత్రివేళ ఎచట తీయుదురో విచారించి పంచాయతీ ఆఫీసు గోడపై వ్రాయింపుడు.

హైదరాబాదు ఇచటికి సుమారు 300 కిలోమీటర్లు. నిమ్స్ వంటి ఆసుపత్రులలో అణువైద్య విభాగములున్నవి గాని, తేదీ నిశ్చయించుకొనకుండ రైలెక్కనీయకుడు. మందుతో శ్రమ కలిగించు పరీక్షకు ముందు ఒకదినము చాయ్, కాఫీ మానవలెను. రైలులో త్రాగిన ఒక్క కప్పు చాయ్ వలన పరీక్ష వాయిదా పడవచ్చును. ఉబ్బసమున్నచో ముందే చెప్పవలెను. రోజువారీ మాత్రలను డాక్టరు చెప్పకుండ మానరాదు.

కాగితము పేరున వెలసిన పట్టణమిది. పాత ఈసీజీ కాగితములు, మందుల చీటీలు పారవేయక భద్రపరచవలెనని ఇంటింట చెప్పుడు.

ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచినది. ఏ పరీక్ష, ఏ చికిత్స దాని క్రిందికి వచ్చునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర నడిగి తెలిసికొనిన పిమ్మటనే అప్పు మాట తలపెట్టవలెను.

కాలువ పూడిక తీయుటకు మడి ఎండువరకు ఆగు రైతు లేడు. పొగాకు విడుచుట, రక్తపుపోటు, చక్కెర కొలిపించుకొనుట మన గుండెకు పూడికతీత. ఆ పనికి హైదరాబాదు పోనక్కరలేదు. మీ గ్రామమునుండియే మొదలుపెట్టవచ్చునని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాము.