మగ్గం చప్పుడు, మన చెవులు



దొడ్డబళ్లాపురం మరమగ్గాల షెడ్లలో అరిస్తేనే మనకు మాట వినబడుతుంది. ఇంటికొచ్చాక టీవీ సౌండు పెంచుతాం, వయసైపోయిందని సరిపెట్టుకుంటాం. వయసొక్కటే కాదండీ. 85 డెసిబెల్స్ దాటిన చప్పుడు రోజుకి 8 గంటలు, ఏళ్ల తరబడి వింటే లోపలి చెవిలోని సన్నని కణాలు చచ్చిపోతాయి. కర్ణభేరికి చిల్లు పడితే ఈఎన్‌టీ సర్జన్ అతుకు వేస్తారు, పడుగులో తెగిన పోగు మనం ముడేసినట్టు. ఈ కణాలకు మాత్రం ఆ ముడి లేదు, మళ్లీ మొలవవు.

మొదట పోయేవి 4000 హెర్ట్జ్ దగ్గరి సన్నని శబ్దాలు. అందుకే మాట వినబడుతుంది గానీ స్పష్టంగా తెలియదు. ఆడియోమెట్రీ పరీక్షలో ఇది ముందే బయటపడుతుంది. సెలవు మరునాడు పొద్దున్నే, మగ్గం వేయకముందే చేయించుకోవాలి. చప్పుడులోంచి నేరుగా వెళ్తే లెక్క తప్పుతుంది. బెంగళూరు విక్టోరియా ఆస్పత్రి ఆవరణలో శ్రీ వెంకటేశ్వర ఈఎన్‌టీ సంస్థ ఉంది. మైసూరులో 1965 నుంచి అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది.

చెవిలో దూది పెడితే చాలదు, ఇయర్ ప్లగ్గులు కావాలి. చిన్న షెడ్లలో యజమానులమూ మనమే, కూలీలమూ మనమే. ఎవరు కొనిస్తారని ఎదురుచూస్తాం? కండెలు చుట్టే ఆడవాళ్లూ అదే షెడ్డులో కూర్చుంటారు, వాళ్లకూ కొనండి.