గాలికి పోయేది, నడుమ నిలిచేది

సైట్‌ల ఇసుక నింపిన పికప్ మీద పరదా కప్పకుండ తోలితే ఏమైతది? గాలి లేని రోజు కూడా ఇసుక వెనక్కి లేస్తది. గెలాక్సీలకూ ఇదే గతి.

కన్యారాశి దిక్కున, దాదాపు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో వర్గో క్లస్టర్ ఉంది. వెయ్యికి పైగా గెలాక్సీల గుంపు అది. వాటి నడుమ జాగా ఖాళీ కాదు. కోట్ల డిగ్రీల వేడితో పలచటి వాయువు నిండి ఉంటది. అందులోంచి గెలాక్సీ సెకనుకు వెయ్యి కిలోమీటర్ల లెక్కన దూసుకుపోతే, దాని చల్లటి గ్యాసు, దాంతోపాటు కొంత ధూళి ఊడి తోకలెక్క వెనుకబడతయి. 1972లోనే గన్, గాట్ అనే శాస్త్రవేత్తలు దీన్ని లెక్కగట్టి చెప్పారు. చిన్నగ, బరువుగ ఉండే నక్షత్రాలను మాత్రం ఆ గాలి కదపలేదు.

కానీ గ్యాసు పోతే కొత్త నక్షత్రాలు పుట్టవు. ఉన్నవే ముసలివై, గెలాక్సీ మెల్లగా ఎర్రబడతది. ముందు అంచులే పోతయి. నడుమ ఉన్న దట్టమైన మబ్బులు ఎక్కువ కాలం ఆగుతయి.

నేనొచ్చి పదకొండేండ్లు. బతుకమ్మ, చుట్టాల పెండ్లిళ్లు, చానా ఊడిపోయినయి. రాత్రి బిడ్డతోని ఫోన్ మాత్రం పోనియ్యలే. ఉంట మరి.