ఓడ జాబితాలో మన ఊరి పేరు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మిర్చి కోతలకు, పత్తి తీతలకు ఊళ్ళు దాటి పోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. కాని మద్రాసు రాజధాని రోజుల్లో కొందరు సముద్రమే దాటారు. చాలామంది తిరిగి రాలేదు. వారి జాడ ఎలా తీయాలి, అందులో మన సంఘం చేయవలసింది ఏమిటన్నది మీ ముందు పెడుతున్నాం.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి కూలీలతో బయలుదేరిన 'ట్రూరో' ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 వరకు అలా ఒప్పందం మీద నేటాల్ వెళ్ళినవారు 1,52,000 మందికి పైనే. ఎక్కువమంది మద్రాసు రేవులో ఎక్కినవారు. వారిలో తమిళులతోపాటు తెలుగువారు, హిందువులతోపాటు ముస్లింలు ఉన్నారు.

ప్రతి ఓడకూ జాబితా రాశారు. మనిషికొక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, చివరికి ఒంటి మీది పుట్టుమచ్చలు కూడా. ఆ వివరాలు డర్బన్‌లోని గాంధీ-లుతులి కేంద్రంలో ఉన్నాయి. మారిషస్ వెళ్ళినవారి రికార్డులు అక్కడి మోకాలో, మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి.

వెతికేవారు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, జిల్లా పేరు. 1859 నుంచి 1904 వరకు గుంటూరు జిల్లా లేదు. బాపట్ల, నరసరావుపేట, పల్నాడు కృష్ణా జిల్లాలో ఉండేవి. ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. కనుక కృష్ణా, నెల్లూరు అని ఉంటే మనది కాదని వదిలేయకండి. రెండు, పేరు. గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. షేక్, ఖాదర్, మస్తాన్ వంటి పేర్లు పలు రూపాల్లో కనిపిస్తాయి. ఇంటిపేరు కోసం వెతక్కండి. తండ్రి పేరు, ఊరు కలిపి చూడండి. మూడు, నంబరు. అది దొరికితే అక్కడి ఇతర కాగితాల్లోనూ అదే మనిషిని గుర్తుపట్టవచ్చు.

అయితే ఆ జాబితా ఓడ ఎక్కినవారినే చూపిస్తుంది. ఊళ్ళో మిగిలిన అన్నదమ్ములను చూపించదు. వారి పేర్లు మన ఖాజీల నికా పుస్తకాల్లో, ఖబరస్తాన్ లెక్కల్లో, మసీదు, దర్గా ఇనాం కాగితాల్లో ఉండాలి. పెట్టెల్లో పడి ఉన్న ఆ పుస్తకాలను చెదలు తింటున్నాయి. రేపు డర్బన్ నుంచి ఒక కుటుంబం ఊరి పేరు, తాత తండ్రి పేరు పట్టుకుని వస్తే మనం ఏ పుస్తకం తీసి చూపిస్తాం? రక్తసంబంధాన్ని కలిపి ఉంచమనే కదా మన దీన్ చెబుతుంది!

అందుకే దాతలకు మా మనవి. అన్నదానానికి, ఫీజులకు, పేదింటి పెళ్ళిళ్ళకు ఇచ్చే చేతులతోనే ఈ పనికీ కొంత ఇవ్వండి. మీ ఇళ్ళలో, మసీదుల్లో ఉన్న పాత పుస్తకాలు చూపించండి. పేజీ పేజీకి ఫొటో తీయించి, పుస్తకాన్ని బైండు చేయించి, ఎవరిది వారికే తిరిగి అప్పగిద్దాం. సముద్రం దాటిన మనిషి పేరు అక్కడ పదిలంగా ఉంది. ఇక్కడ మిగిలిన తోబుట్టువుల పేర్లను కాపాడవలసింది మనమే.

అల్లాహ్ మన సేవను స్వీకరించుగాక. ఆమీన్.